మౌస్ వదిలి చూడండి.. కొత్తవారికి నిజంగా పనికొచ్చే కీబోర్డు షార్ట్‌కట్‌లు

మీసేవ కేంద్రంలో ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం కౌంటర్ ముందు నిలబడినప్పుడు ఆపరేటర్ చేతుల వైపు ఒకసారి చూడండి. మౌస్ పక్కనే ఉంటుంది, కానీ దాని మీద చెయ్యి వేసేది తక్కువ. పేరు కొట్టడం, తర్వాతి గడిలోకి వెళ్లడం, జిల్లా ఎంచుకోవడం, ప్రింట్ ఇవ్వడం.. అన్నీ కీబోర్డు మీదే జరిగిపోతాయి. అలాంటి ఫారమే ఇంట్లో అబ్బాయో అమ్మాయో నింపితే ఒక్కో గడికీ మౌస్ పట్టుకోవడం, బాణం గుర్తును అక్కడికి జరపడం, క్లిక్ చేయడం, మళ్లీ కీబోర్డు దగ్గరికి రావడం. ఆపరేటర్‌కు తెలిసింది పెద్ద విద్యేమీ కాదు. పదీ పదిహేను షార్ట్‌కట్‌లు, అంతే.

మన ఇళ్లలో చాలామందికి మొదట చేతికొచ్చింది ఫోను. కంప్యూటర్ తర్వాత వచ్చింది. పిల్లల డిగ్రీ కోసమో, ఇంట్లో మొదలుపెట్టిన చిన్న వ్యాపారం లెక్కల కోసమో ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటారు. ఫోన్‌లో వేలితో తాకితే సరిపోయేది. ఇక్కడ కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ అంటూ ఏవేవో కీలు. ఇంటర్నెట్‌లో వెతికితే "వంద షార్ట్‌కట్‌లు" అని పెద్ద జాబితాలు దొరుకుతాయి. వాటిలో ఎనభై ఎవరికీ అక్కర్లేదు.

టైం ఆదా అవుతుందనేది నిజమే, కానీ దాన్ని మరీ గొప్పగా చెప్పనక్కర్లేదు. లెక్క చూద్దాం. మౌస్‌తో ఒకసారి కాపీ చేసి పేస్ట్ చేయడానికి ఆరు సెకన్లు, కీబోర్డుతో రెండు సెకన్లు పట్టిందనుకుందాం. మిగిలేది నాలుగు సెకన్లు. రోజుకు వందసార్లు చేసినా 400 సెకన్లు, అంటే ఏడు నిమిషాలలోపే. ఆఫీసులో రోజంతా కూర్చునేవారికి అది లెక్కే. ఇంట్లో వారానికి రెండుసార్లు కంప్యూటర్ తెరిచేవారికి అసలు లాభం వేరే చోట ఉంది. కొట్టినదంతా పోకుండా కాపాడుకోవడం, స్కాలర్‌షిప్ ఫారంలో పేరు తప్పు పడకుండా చూసుకోవడం, నెట్ సెంటర్‌లో మన ఆధార్ కాపీ వదిలేసి రాకుండా ఉండటం.. వీటికి పనికొచ్చేవే ముందు నేర్చుకోవాలి.

ఒక చిన్న విషయం ముందే తెలియాలి. "కంట్రోల్ + సి" అంటే రెండూ ఒకేసారి టకీమని కొట్టమని కాదు. కంట్రోల్‌ను నొక్కి పట్టుకొని, సి ని ఒకసారి తట్టి, తర్వాత రెండూ వదలాలి. కొత్తవాళ్లు "నాకు పనిచేయడం లేదు" అనేది ఎక్కువగా ఇక్కడే. ఇంకోటి, చాలా ల్యాప్‌టాప్‌లలో పై వరసలో ఉండే ఎఫ్1, ఎఫ్2 లాంటి కీలు నొక్కితే వెలుతురు తగ్గడమో, సౌండ్ పెరగడమో జరుగుతుంది. అలాంటప్పుడు కింద మూలలో ఉండే ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాలి. ఇక్కడ చెప్పేవన్నీ విండోస్ కంప్యూటర్ల గురించి. ఆపిల్ మ్యాక్ వాడేవారు కాపీ, పేస్ట్, సేవ్ లాంటి మామూలు పనులకు కంట్రోల్ బదులు కమాండ్ కీ వాడాలి.

మొదట భయం పోవాలి

షార్ట్‌కట్‌లు చెప్పేవాళ్లంతా కాపీ, పేస్ట్‌తో మొదలుపెడతారు. కొత్తవారికి మొదట నేర్పాల్సింది కంట్రోల్ + జెడ్. చేసిన పనిని వెనక్కి తీసుకునే కీ ఇది. వర్డ్‌లో రెండు పేజీల లెటర్ పొరపాటున సెలెక్ట్ అయి, ఒక అక్షరం తగలగానే మొత్తం మాయమైపోతుంది. అప్పుడు వచ్చే కంగారు చూడాలి! కంట్రోల్ + జెడ్ కొడితే అంతా తిరిగి వస్తుంది. మళ్లీ కొడితే దానికి ముందు చేసిన పని కూడా వెనక్కి పోతుంది. ఎక్కువసార్లు వెనక్కి వెళ్లిపోయామనిపిస్తే కంట్రోల్ + వై ముందుకు తెస్తుంది.

వయసులో పెద్దవారు, ముఖ్యంగా ఇంట్లోనే టైలరింగో డ్రెస్ మెటీరియల్ వ్యాపారమో చేసే మహిళలు కంప్యూటర్ ముట్టుకోవడానికి వెనకాడేది "ఏదైనా నొక్కితే పాడైపోతుందేమో" అనే. తప్పు చేసినా వెనక్కి తీసుకోవచ్చని తెలిసిన రోజు ఆ జంకు సగం పోతుంది. అప్పుడు మిగతావి వాళ్లే నేర్చుకుంటారు, ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ కీ ఫోల్డర్లలో కూడా పనిచేస్తుంది. ఒక ఫైలును ఇప్పుడే పొరపాటున డిలీట్ చేసినా, వేరే ఫోల్డర్‌లోకి జారవిడిచినా, అక్కడే కంట్రోల్ + జెడ్ కొట్టి చూడండి. అయితే దీనికీ హద్దు ఉంది. వర్డ్ ఫైలు మూసేసి మళ్లీ తెరిస్తే పాత మార్పులను ఇలా వెనక్కి తీసుకోలేరు. షిఫ్ట్ పట్టుకొని డిలీట్ నొక్కితే ఫైలు రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు, నేరుగా పోతుంది. ఆ రెండు కీలు కలిపి నొక్కే అలవాటు చేసుకోవద్దు.

రెండోది కంట్రోల్ + ఎస్, అంటే సేవ్. ల్యాప్‌టాప్ బ్యాటరీ పాతబడి, కరెంటు పోగానే ఆగిపోయే ఇళ్లలో ఇది చేతికి అలవాటు కావాలి. ఒక పేరా అయిందా, కంట్రోల్ + ఎస్. ఫోన్ వచ్చిందా, లేచే ముందు కంట్రోల్ + ఎస్.

కానీ ఇక్కడ ఒక గుంట ఉంది. వెబ్‌సైట్‌లో ఫారం నింపుతూ కంట్రోల్ + ఎస్ కొడితే మీరు నింపిన వివరాలు ఆ వెబ్‌సైట్‌లో సేవ్ కావు. బ్రౌజర్ ఆ పేజీ కాపీని మీ కంప్యూటర్‌లో దాచమంటారా అని అడుగుతుంది, అంతే. సేవ్ అయిందనుకొని మూసేస్తే మొదటికొస్తుంది. సైట్ వాళ్లు ఇచ్చిన సేవ్ బటన్ ఉంటే అదే నొక్కాలి. అలాగే ఫారం మధ్యలో ఎఫ్5 ముట్టుకోవద్దు. అది పేజీని మళ్లీ లోడ్ చేస్తుంది, నింపినదంతా ఖాళీ అయ్యే ప్రమాదం ఉంది. ఫీజు కట్టేటప్పుడు మరీ జాగ్రత్త, "రిఫ్రెష్ చేయొద్దు, వెనక్కి వెళ్లొద్దు" అని ఆ పేజీలో రాసి ఉండేది ఊరికే కాదు. ఒకప్పుడు క్రోమ్‌లో బ్యాక్‌స్పేస్ కొట్టినా పేజీ వెనక్కి పోయేది. ఫారాలు నింపేవారు నష్టపోతున్నారని 2016లో గూగుల్ దాన్ని తీసేసింది. ఇప్పుడు ఆల్ట్ పట్టుకొని ఎడమ బాణం నొక్కితేనే వెనక్కి వెళ్తుంది.

ఒక పేరు, పది స్పెల్లింగులు

కాపీకి కంట్రోల్ + సి, కట్‌కు కంట్రోల్ + ఎక్స్, పేస్ట్‌కు కంట్రోల్ + వి. జెడ్, ఎక్స్, సి, వి.. నాలుగూ కీబోర్డు కింది వరసలో పక్కపక్కనే ఉంటాయి, ఎడమ చేత్తోనే పని అయిపోతుంది. కట్, కాపీ, పేస్ట్ పద్ధతికి రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు లారీ టెస్లర్. 1970లలో అమెరికాలోని జెరాక్స్ పరిశోధన కేంద్రంలో, టిమ్ మాట్ అనే సహోద్యోగితో కలిసి చేసిన పని అది. తర్వాత ఆయన ఆపిల్‌కు వెళ్లారు. 2020 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

మన కుటుంబాలకు కాపీ, పేస్ట్ విలువ టైంలో కాదు, పేర్లలో ఉంది. ఇంగ్లిషులో మహమ్మద్ రాయాలంటే మొదటి ఎం తర్వాత ఓ పెట్టేవారున్నారు, యు పెట్టేవారున్నారు. చివరి డి ముందు కొందరికి ఇ, కొందరికి ఎ. ఇంకొందరి టెన్త్ మెమోలో ఎం, డి అని రెండే అక్షరాలు. షేక్ చివర హెచ్ ఉంటుంది, ఉండదు. సయ్యద్ సంగతి చెప్పనే అక్కర్లేదు. టెన్త్ మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బ్యాంకు పాస్‌బుక్‌లో మరోలా ఉంటే స్కాలర్‌షిప్ దగ్గరా, పాస్‌పోర్టు దగ్గరా ఎన్నిసార్లు తిరగాలో తిరిగినవారికే తెలుసు.

అందుకే ఇలా చేయండి. ఇంటి కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి, కుటుంబంలో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, అడ్రసు.. సర్టిఫికెట్‌లో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే ఒక్కసారి కొట్టి, ఇద్దరు చదివి సరిచూసి సేవ్ చేసుకోండి. ఇక ఏ ఫారం వచ్చినా పేరును మళ్లీ టైప్ చేయొద్దు, అక్కడి నుంచి కాపీ చేసి పేస్ట్ చేయండి. అడ్రసు లైను మొత్తం ఎంచుకోవడానికి కర్సర్‌ను లైను మొదట్లో పెట్టి షిఫ్ట్ పట్టుకొని ఎండ్ కీ నొక్కితే చాలు. బ్యాంకు అకౌంట్ నంబరును రెండుసార్లు కొట్టమనే చోట కొన్ని సైట్లు పేస్ట్ చేయనివ్వవు. చిరాకు పడొద్దు, ఒకసారి తప్పు పడితే అదే తప్పు రెండోసారి కూడా పేస్ట్ కాకుండా అలా పెట్టారు. అక్కడ పాస్‌బుక్ చూసి చేత్తోనే కొట్టండి.

వర్డ్ నుంచో వేరే వెబ్‌సైట్ నుంచో కాపీ చేస్తే రంగులు, అక్షరాల సైజు కూడా వెంట వస్తాయి. ఈమెయిల్ రాసేటప్పుడు క్రోమ్‌లో కంట్రోల్ + షిఫ్ట్ + వి కొడితే ఆ హంగులేవీ రాకుండా అక్షరాలు మాత్రమే వస్తాయి.

పేర్ల గొడవ వెతకడంలోనూ ఉంది. కంట్రోల్ + ఎఫ్ అంటే వెతుకులాట. మెరిట్ లిస్టు పీడీఎఫ్ వంద పేజీలున్నా ఈ కీ నొక్కి పేరు కొడితే అక్కడికే తీసుకెళ్తుంది. కానీ కంప్యూటర్‌కు స్పెల్లింగ్ తప్ప మనిషి తెలియడు. మీరు ఓతో కొట్టి, లిస్టులో యుతో ఉంటే "లేదు" అని చెప్పేస్తుంది. పేరు రాలేదనుకొని ఇంట్లో అందరూ దిగాలుగా కూర్చుంటారు! కాబట్టి ముందు హాల్ టికెట్ నంబరుతో వెతకండి. నంబరు లేకపోతే పేరులో స్పెల్లింగ్ మారని ముక్క ఒకటి, మూడు నాలుగు అక్షరాలు మాత్రమే కొట్టండి. ఎంటర్ నొక్కుతూ పోతే ఒక్కొక్కటీ చూపిస్తుంది. ఓటర్ల జాబితా లాంటివి చాలాసార్లు బొమ్మల రూపంలో ఉండే పీడీఎఫ్‌లు. వాటిలో కంట్రోల్ + ఎఫ్ పనిచేయదు. "లేదు" అని వచ్చినా నమ్మకండి, కళ్లతో చూడాల్సిందే. జాబితాలో ఏదైనా మామూలు పదం కొట్టి, అది కూడా దొరకడం లేదంటే అది బొమ్మ అని అర్థం.

ఫారం నింపే పద్ధతి

ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్లడానికి ట్యాబ్ కీ. వెనక్కి రావడానికి షిఫ్ట్ + ట్యాబ్. చిన్న చదరపు గడిలో టిక్ పెట్టడానికి స్పేస్ బార్. రాష్ట్రాల జాబితా తెరుచుకునే చోట మౌస్‌తో కిందికి లాగుతూ వెతకక్కర్లేదు. ఇంగ్లిషు టి కొడితే ముందు తమిళనాడు వస్తుంది, మరోసారి కొడితే తెలంగాణ. ఎ కొడితే అండమాన్ తర్వాత ఆంధ్రప్రదేశ్. కొన్ని కొత్త సైట్లలో జాబితాను వేరేలా తయారు చేస్తారు, అక్కడ రెండు మూడు అక్షరాలు కొట్టాల్సి రావచ్చు. ఎంటర్ కీతో మాత్రం జాగ్రత్త. చాలా ఫారాల్లో ఎంటర్ అంటే "పంపేయి" అని. ఫోన్‌లో అలవాటు కొద్దీ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే సగం నిండిన ఫారం వెళ్లిపోవచ్చు.

అక్షరాలు చిన్నగా ఉండి పెద్దవారికి కనిపించకపోతే కంట్రోల్ పట్టుకొని ప్లస్ నొక్కండి, పేజీ పెద్దదవుతుంది. మైనస్ నొక్కితే చిన్నది. కంట్రోల్ + సున్నా కొడితే మామూలు సైజుకు వస్తుంది. కళ్లజోడు నంబరు మారిందేమోనని కంగారు పడే ముందు ఇది చేసి చూడొచ్చు.

ఫీజు కట్టాక వచ్చే రసీదును ఫోన్‌తో ఫొటో తీస్తుంటారు చాలామంది. విండోస్ కీ + షిఫ్ట్ + ఎస్ నొక్కితే స్క్రీన్ మసకబారుతుంది, కావాల్సిన ముక్కను మౌస్‌తో గీసి ఎంచుకుంటే అది కాపీ అవుతుంది. వాట్సాప్ వెబ్‌లోనో వర్డ్‌లోనో కంట్రోల్ + వి కొట్టండి. ఇంకా మంచిది కంట్రోల్ + పి. ప్రింటర్ లేకపోయినా ఫర్వాలేదు, ప్రింటర్ పేరు ఉండే చోట "సేవ్ యాజ్ పీడీఎఫ్" అని ఎంచుకుంటే రసీదు మొత్తం ఫైలుగా దాచుకోవచ్చు.

స్కాన్ చేసిన సర్టిఫికెట్లకు కంప్యూటర్ ఏదో నంబరు పేరు పెడుతుంది. ఏది కుల ధ్రువీకరణో ఏది బదిలీ పత్రమో తెలియక ఒకదాని బదులు ఇంకోటి అప్‌లోడ్ అవుతుంది. ఫైలు మీద ఒక్క క్లిక్ చేసి ఎఫ్2 నొక్కి పేరు మార్చండి, ట్యాబ్ నొక్కితే పక్క ఫైలు పేరు మార్చడానికి సిద్ధంగా ఉంటుంది. పది సర్టిఫికెట్లకు రెండు నిమిషాలు.

ఉర్దూ, తెలుగు, ఇంగ్లిషు

ఒకే ఇంట్లో మూడు భాషలు నడిచేవారికి చాలా అక్కరకొచ్చే కీ విండోస్ + స్పేస్ బార్. ముందు సెట్టింగ్స్‌లో భాషల విభాగానికి వెళ్లి తెలుగు, ఉర్దూ కీబోర్డులను ఒక్కసారి చేర్చుకోవాలి. ఆ తర్వాత విండోస్ కీ పట్టుకొని స్పేస్ తడుతూ పోతే భాష మారుతూ పోతుంది. తెలుగుకు రెండు రకాల కీబోర్డులున్నాయి. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఫోన్‌లో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నవారికి ఫొనెటిక్ సులువు, 2019లో విండోస్ 10కు వచ్చిన అప్‌డేట్ నుంచి అది విండోస్‌లోనే ఉంది. ఉర్దూలో ఏ కీకి ఏ అక్షరమో తెలియకపోతే విండోస్ + కంట్రోల్ + ఓ నొక్కండి, స్క్రీన్ మీద కీబోర్డు బొమ్మ వస్తుంది. అదే మళ్లీ నొక్కితే పోతుంది.

ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కదా, వర్డ్‌లో కొట్టినప్పుడు ఫుల్‌స్టాప్, నంబర్లు తప్పు వైపుకు వెళ్లి వాక్యం చిందరవందరగా కనిపిస్తుంది. కుడి వైపు షిఫ్ట్‌తో కంట్రోల్ కలిపి నొక్కితే ఆ పేరా కుడి నుంచి మొదలవుతుంది. ఎడమ షిఫ్ట్‌తో నొక్కితే తెలుగు, ఇంగ్లిషు పద్ధతికి వస్తుంది. ఈ ఒక్క కీ తెలియక ఉర్దూ టైపింగ్ వదిలేసినవారు తక్కువేం లేరు.

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో షాదీ కార్డులు చేయించేటప్పుడు కంపోజ్ చేసిన ఉర్దూను ఫైలుగా అడిగి తెచ్చుకుంటారు కొందరు. ఇన్‌పేజ్ పాత వెర్షన్లలోనో, తెలుగైతే అను ఫాంట్లలోనో చేసిన మ్యాటర్‌ను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. మీ కాపీలో తప్పు లేదు. అవి యూనికోడ్ పద్ధతిలో లేకపోవడమే కారణం. యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వమని దుకాణంలోనే అడగాలి.

లెక్కలు రాసేవారికి రెండు ముక్కలు

ఎక్సెల్‌లో కంట్రోల్ + సెమీకోలన్ కొడితే ఈరోజు తేదీ పడుతుంది. అంకెల వరస కింద ఉన్న గడిలో ఆల్ట్ + ఈక్వల్ నొక్కి ఎంటర్ చేస్తే మొత్తం వస్తుంది. ఉద్దెర ఖాతా రాసుకునే కిరాణా షాపుకు ఈ రెండూ సరిపోతాయి. కంట్రోల్ + కింది బాణం నొక్కితే వరసలో చివరి అంకె దగ్గరికి దూకుతుంది. బ్యాంకు అకౌంట్ నంబరు సున్నాతో మొదలైతే ఎక్సెల్ ఆ సున్నాను మింగేస్తుంది, నంబరు ముందు ఒక సింగిల్ కోట్ గుర్తు పెట్టి కొట్టండి.

ట్యాలీ నేర్చుకునే బీకాం పిల్లలకు వరసగా గుర్తుండాల్సినవి ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. తేదీ మార్చడానికి ఎఫ్2. వోచర్ మధ్యలో కొత్త లెడ్జర్ కావాలంటే బయటికి రాకుండా ఆల్ట్ + సి. ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోవాలి. మిగతా చోట్ల కంట్రోల్ + ఎ అంటే మొత్తం సెలెక్ట్ చేయడం, ట్యాలీలో అదే కీ ఎంట్రీని ఆమోదించి సేవ్ చేస్తుంది.

నెట్ సెంటర్‌లో కూర్చున్నప్పుడు

పది మంది వాడే కంప్యూటర్ ముందు కూర్చుంటే మొదట కంట్రోల్ + షిఫ్ట్ + ఎన్ నొక్కండి. క్రోమ్, ఎడ్జ్ రెండింటిలోనూ ఇన్‌కాగ్నిటో లాంటి విడి కిటికీ తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో అయితే ఎన్ బదులు పి. ఆ కిటికీ మూసేశాక మీరు ఏ సైట్లు చూశారో, ఏ పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యారో బ్రౌజర్ గుర్తుపెట్టుకోదు. మామూలు కిటికీలో పనిచేసి ట్యాబ్ మూసి వస్తే, మీ తర్వాత కూర్చున్నవారు కంట్రోల్ + షిఫ్ట్ + టి కొడితే మీరు మూసిన పేజీ మళ్లీ తెరుచుకుంటుంది. ఇంట్లో పొరపాటున మూసేసిన పేజీని తెచ్చుకోవడానికి అది చక్కని కీ, బయట మాత్రం అదే ప్రమాదం.

ఇన్‌కాగ్నిటోలో కూడా మీరు దించుకున్న ఫైళ్లు అక్కడే మిగిలిపోతాయి. ఆధార్ పీడీఎఫ్, హాల్ టికెట్, పాస్‌బుక్ స్కాన్.. ఇవి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడి ఉంటాయి. ప్రింట్ తీసుకున్నాక ఆ ఫోల్డర్ తెరిచి, మీ ఫైలు ఎంచుకొని షిఫ్ట్ + డిలీట్ చేయండి. ఇంట్లో వద్దన్న కీయే ఇక్కడ కావాలి.

అందరికీ తెలియని ఇంకో చోటు ఉంది. విండోస్ + వి నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవన్నీ వరసగా కనిపిస్తాయి, 25 దాకా. 2018లో విండోస్ 10లోకి వచ్చిన సౌకర్యం ఇది. మొదటిసారి ఆన్ చేయాలా అని అడుగుతుంది. ఇంట్లో ఆన్ చేసుకుంటే హాయి. నెట్ సెంటర్‌లో ఎవరో ముందే ఆన్ చేసి ఉంచితే మాత్రం మీరు కాపీ చేసిన ఆధార్ నంబరు, పాస్‌వర్డ్ తర్వాతి మనిషికి కనిపిస్తాయి. లేచే ముందు విండోస్ + వి నొక్కి చూడండి, ఏమైనా ఉంటే "క్లియర్ ఆల్" కొట్టండి.

ఆఫీసులోనో కాలేజీలోనో సీటు వదిలి లేస్తే విండోస్ + ఎల్. స్క్రీన్ తాళం పడుతుంది, తెరిచిన పని ఎక్కడిదక్కడే ఉంటుంది. జొహర్ నమాజుకో టీకో లేచే ఐదు నిమిషాలకు కూడా ఇది చేయడం మంచిది.

కంప్యూటర్ కదలనప్పుడు, చెడిపోయిందనిపించినప్పుడు

కంప్యూటర్ హ్యాంగ్ అయితే చాలామంది నేరుగా పవర్ బటన్ నొక్కి పట్టుకుంటారు. అంతకంటే ముందు కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్కేప్ నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది, కదలని ప్రోగ్రాంను మాత్రం ఎంచుకొని "ఎండ్ టాస్క్" చేయొచ్చు, మిగతా పని నిలుస్తుంది. అదీ రాకపోతే కంట్రోల్ + ఆల్ట్ + డిలీట్. దీన్ని పెట్టింది ఐబీఎం ఇంజనీర్ డేవిడ్ బ్రాడ్లీ, 1981లో వచ్చిన ఐబీఎం పీసీ తయారీ సమయంలో. అప్పట్లో అది కంప్యూటర్‌ను ఉన్నపళంగా రీస్టార్ట్ చేసేది. పొరపాటున నొక్కకూడదనే మూడు కీలను దూరం దూరంగా ఎంచుకున్నారు. కనిపెట్టింది తానే అయినా దానికి పేరు తెచ్చింది బిల్ గేట్స్ అని 2001లో ఒక సభలో గేట్స్ వేదిక మీద ఉండగానే ఆయన చమత్కరించారు.

ఇక రిపేరు షాపు దాకా వెళ్లనక్కర్లేని సంగతులు కొన్ని. ఉన్నట్టుండి ఇంగ్లిషు బదులు ఉర్దూ అక్షరాలు పడుతున్నాయా? ఆల్ట్, షిఫ్ట్ కలిసి నొక్కుకొని భాష మారి ఉంటుంది. విండోస్ + స్పేస్ కొట్టండి. పాస్‌వర్డ్ సరైనదే అయినా తీసుకోకపోతే క్యాప్స్ లాక్‌తో పాటు ఇది కూడా చూడాలి, ఎందుకంటే అక్కడ చుక్కలు తప్ప అక్షరాలు కనిపించవు. కుడి వైపు అంకెల కీలు పనిచేయకపోతే నమ్ లాక్ ఆరిపోయి ఉంటుంది. కొత్త అక్షరం కొడుతుంటే ముందున్న అక్షరం చెరిగిపోతుంటే ఇన్‌సర్ట్ కీ తగిలి ఉండొచ్చు, మరోసారి నొక్కి చూడండి. షిఫ్ట్‌ను ఐదుసార్లు వరసగా కొడితే "స్టికీ కీస్" అంటూ ఒక పెట్టె వస్తుంది. పిల్లలు గేములు ఆడేటప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే, "నో" చెప్పేస్తే సరి.

కంప్యూటర్ హఠాత్తుగా ఇంగ్లిషులో మాట్లాడటం మొదలుపెట్టి స్క్రీన్ మీద ఉన్నదంతా చదువుతుంటే ఎవరో విండోస్ + కంట్రోల్ + ఎంటర్ నొక్కారన్న మాట. చూపు లేనివారి కోసం పెట్టిన నరేటర్ అది. అవే మూడు కీలు మళ్లీ నొక్కితే ఊరుకుంటుంది.